వేటకు గురయ్యే ప్రాణులు: హెచ్చరికలు, తప్పించుకునే ఉపాయాలు

పులి, తోడేలు, డేగ, పాము వంటి వేటాడే జీవుల బారిన పడకుండా ఇతర ప్రాణులు వాడే అరుపులు, కదలికలు, రంగులు, వాసనలు, చివరికి పరుగు, దాడి, ఇవన్నీ జంతు ప్రవర్తనా శాస్త్రంలో ఒకే అధ్యాయం కిందికి వస్తాయి. అడవి గురించి మనం వినే కథల్లో పరుగుకే పెద్దపీట. కానీ వేటల్లో చాలా భాగం పరుగు దాకా రాకుండానే ముగిసిపోతాయి. పొదచాటున పొంచిన పులిని దుప్పి ముందే పసిగట్టిందంటే ఆ పూటకు పులి ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఎర ప్రాణి చేసే పనుల్లో చాలావాటికి ఒక సందేశం ఉంటుంది. అది కొన్నిసార్లు తోటివారికి, కొన్నిసార్లు నేరుగా శత్రువుకే. ఈ రెండో రకం సందేశాన్ని శాస్త్రం ఆలస్యంగా గుర్తించింది. 1970ల తరవాతే దాని మీద గట్టి పరిశోధన మొదలైంది. ఈ విషయం మొత్తానికి అదే తాళంచెవి అని చెప్పవచ్చు.

అడవిలో హెచ్చరిక

నల్లమలలోనైనా, మధ్యప్రదేశ్‌లోని కాన్హాలోనైనా ఉదయంపూట మేస్తున్న చుక్కల దుప్పుల మందను గమనిస్తే ఈ వ్యవహారం కళ్లకు కడుతుంది. మందలో ఒక ఆడ దుప్పి హఠాత్తుగా తల ఎత్తుతుంది. చెవులు రెండూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. మెడ నిటారుగా నిలబెట్టి, ముందుకాలు ఒకటి మెల్లగా పైకి తీసి నేలమీద గట్టిగా కొడుతుంది. తోక పైకి లేస్తుంది, కింది తెలుపు కనిపిస్తుంది. ఆ తరవాత సన్నగా, పదునుగా ఒక కూత. మంద అంతా మేత ఆపి అటే చూస్తుంది. విచిత్రం ఏమిటంటే, పులి నిజంగా కనిపించినా చాలాసార్లు దుప్పులు వెంటనే పారిపోవు. అది ఉన్న వైపే ముఖం పెట్టి, కూస్తూనే నిలబడతాయి. కొన్నిసార్లు నాలుగడుగులు దానివైపే వేస్తాయి కూడా. పులి కనుమరుగైతేనే వాటికి ప్రమాదం. కనిపిస్తున్నంతసేపూ అది ఎటు కదిలిందీ తెలుస్తూనే ఉంటుంది.

అడవిలో తిరిగేవాళ్లు ఈ కూతలన్నిటికీ ఒకే విలువ ఇవ్వరు. దుప్పి తొందరపాటు జంతువు. ఆకు కదిలినా ఒక్కోసారి కూస్తుంది. కణితి, అంటే సాంబార్, అలా కాదు. దాని బరువైన కంచు గొంతు వినిపించిందంటే పులో చిరుతో దగ్గర్లో ఉన్నట్టే లెక్క. చెట్టుపై కొండముచ్చు ఖంగుమని దగ్గినట్టు అరిచిందంటే అదీ నమ్మదగ్గ సాక్ష్యమే, ఎందుకంటే అది పైనుంచి చూసి చెబుతోంది. కుమావూఁ అడవుల్లో వేటగాడు జిమ్ కార్బెట్ నరభక్షక పులులను వెతికింది చాలావరకు ఈ అరుపుల ఆధారంగానే. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీశాఖ చెంచులను కాపలాదారులుగా నియమించుకోవడానికి ఉన్న కారణాల్లో అడవిని చెవులతో చదవగల ఈ నేర్పు ఒకటి.

దుప్పులకూ కొండముచ్చులకూ ఉన్న పొత్తు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొండముచ్చులు చెట్టు మీద తింటూ ఆకులు, పండ్లు కింద రాలుస్తాయి. దుప్పులు వాటికోసం ఆ చెట్ల కిందికి చేరతాయి. కాన్హాలో పాల్ న్యూటన్ చేసిన అధ్యయనం (1989) ఈ సహవాసాన్ని వివరంగా నమోదు చేసింది. మేత లాభంతో పాటు ఇందులో కాపలా లాభమూ ఉంది. కొండముచ్చుకు ఎత్తు, చూపు ఉన్నాయి. దుప్పికి ముక్కు, చెవులు ఉన్నాయి. ఒకరి అరుపును మరొకరు అర్థం చేసుకుంటారు. ఎవరూ ఎవరికోసమూ అరవకపోయినా ఇద్దరూ బతుకుతారు.

శత్రువుతోనే మాట్లాడటం

హెచ్చరిక అరుపు తోటివారికోసమే అని చాలాకాలం అనుకున్నారు. అలా అయితే ఒక చిక్కు ఉంది. అరిచిన జంతువు తానున్న చోటును తానే బయటపెట్టుకుంటోంది కదా? ఐవరీ కోస్ట్‌లోని తాయి అడవిలో క్లాస్ జూబెర్‌బ్యూలర్, ఆయన సహచరులు 1990లలో చేసిన పరిశీలనలు దీనికి అందమైన జవాబు ఇచ్చాయి. అక్కడి చిరుతలకు రేడియో పట్టీలు కట్టి, అవి కోతుల గుంపుల దగ్గర ఎంతసేపు మాటువేస్తున్నాయో చూశారు. కోతులు హెచ్చరిక అరుపులు మొదలుపెట్టగానే చిరుత మాటు విడిచి వెళ్లిపోయేది. మరో సంగతి ఇంకా ఆసక్తికరం. అదే కోతులు చిరుతను, గద్దను చూస్తే గోల చేస్తాయి. చింపాంజీనో మనిషినో చూస్తే నోరు మూసుకుని చప్పుడు లేకుండా జారుకుంటాయి. చిరుత బలం మాటులో ఉంది, రహస్యం పోతే అది పనికిరాదు. చింపాంజీ చెట్లెక్కి మరీ తరుముతుంది, దానికి అరుపు వినిపిస్తే దారి చూపించినట్టే. ఎవరికి ఏం చెప్పాలో, ఎవరికి ఏమీ చెప్పకూడదో ఆ కోతులకు తెలుసు.

ఇలా శత్రువును ఉద్దేశించి చేసే సంకేతాలను వెంటాడకుండా ఆపే సంకేతాలు అంటారు. వాటిలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, నిన్ను చూశాను అన్నది. రెండోది, నన్ను పట్టుకోవడం నీవల్ల కాదు అన్నది. దుప్పి కాలు నేలకు కొట్టడం, అమెరికా తెల్లతోక జింక తోక ఎత్తి ఊపడం మొదటి కోవలోకి వస్తాయి. రెండో దానికి పేరుమోసిన ఉదాహరణ తూర్పు ఆఫ్రికాలోని థామ్సన్ గజెల్ అనే చిన్న జింక. శత్రువును చూడగానే నాలుగు కాళ్లూ కర్రల్లా బిగబట్టి, నడుము వంచి, నిలువుగా గాలిలోకి ఎగురుతుంది. మళ్లీ మళ్లీ ఎగురుతుంది. పారిపోవాల్సిన వేళ ఇలా సమయం, శక్తి వృథా చేయడం ఏమిటని ఎందరో తలపట్టుకున్నారు. గుంపును హెచ్చరించడానికని కొందరు, గడ్డి పైనుంచి చూడటానికని మరికొందరు, శత్రువును తికమక పెట్టడానికని ఇంకొందరు వాదించారు.

టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో చీతాల వేటలను గమనించిన టిమ్ కారో 1986లో ఈ వాదాలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. జింక ఎగిరినప్పుడు చీతా వేట మానుకోవడం ఎక్కువగా కనిపించింది. రెండేళ్ల తరవాత క్లెయిర్ ఫిట్జ్‌గిబ్బన్, జాన్ ఫాన్‌షా అక్కడి అడవి కుక్కల వేటలను పరిశీలించి అసలు గుట్టు విప్పారు. అడవి కుక్కలు గుంపులో తక్కువగా ఎగిరే జింకనే ఎంచుకుని తరుముతున్నాయి. తరిమినవాటిలో కూడా, ప్రాణాలతో బయటపడ్డవి పట్టుబడ్డవాటికంటే ఎక్కువసేపు ఎగిరినవే. మేత బాగా దొరికే వానాకాలంలో ఎగురుళ్లు ఎక్కువ, ఒళ్లు చిక్కిపోయే ఎండాకాలంలో తక్కువ. అంటే ఆ ఎగురుడు జింక ఆరోగ్యానికి కొలత.

ఈ కొలతలో మోసం ఎందుకు చెల్లదు? ఇజ్రాయెల్ జీవశాస్త్రజ్ఞుడు అమోట్జ్ జహావి 1975లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడే పనికొస్తుంది. సంకేతం ఖరీదైనదైతేనే నమ్మదగ్గది అన్నాడాయన. బలహీనమైన జింక బలంగా ఎగిరి చూపించలేదు. ప్రయత్నిస్తే ఉన్న కాస్త ఊపిరీ అందులోనే పోతుంది. మొదట్లో ఆ మాటను చాలామంది కొట్టిపారేశారు. 1990లో అలన్ గ్రాఫెన్ గణితంతో నిరూపించాక దానికి గౌరవం దక్కింది. ఇందులో గమనించాల్సింది, సంకేతం పనిచేయాలంటే వినేవాడికీ లాభం ఉండాలి. దొరకని జింక వెంట పరుగెత్తి అలిసిపోవడం చీతాకూ నష్టమే. ఇద్దరికీ మిగులు ఉంది కాబట్టే బద్ధశత్రువుల మధ్య ఈ సంభాషణ లక్షల ఏళ్లుగా నిలిచింది.

ఇలాంటివి వెతికేకొద్దీ దొరికాయి. భరతపక్షిని మెర్లిన్ అనే చిన్న డేగ తరిమేటప్పుడు కొన్ని పక్షులు పాట పాడుతూ ఎగురుతాయి. ఊపిరాడని పరుగులో పాడటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. గట్టిగా పాడిన పక్షిని మెర్లిన్ తొందరగా వదిలేస్తోందని విల్ క్రెస్‌వెల్ 1994లో ప్రకటించాడు. ప్యూర్టోరికోలోని ఒక చిన్న బల్లి పామును చూస్తే ముందుకాళ్ల మీద ఒళ్లు పైకీ కిందికీ ఆడిస్తుంది, అచ్చం దండీలు తీసినట్టు. ఎన్ని దండీలు తీస్తే దానికి పరుగులో అంత సత్తువ ఉందని మాన్యుయెల్ లీల్ 1999లో కొలిచి చూపించాడు.

వీటన్నిటిలోకీ కాలిఫోర్నియా నేల ఉడుత సంగతి మరీ అబ్బురం. గిలక పాముకు ముఖం మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి. ఆ పాము ఎదురైతే ఉడుత తోకలోకి రక్తం పంపి, వేడెక్కిన తోకను అటూ ఇటూ ఊపుతుంది. వేడిని పసిగట్టలేని మరో జాతి పాము ఎదురైతే తోక ఊపుతుంది గానీ వేడెక్కించదు. 2007లో ఆరన్ రండస్, డొనాల్డ్ ఓవింగ్స్ బృందం ఒక మర ఉడుతను తయారుచేసి పరీక్షించింది. తోక వేడిగా ఉన్నప్పుడు గిలక పాము దాడి మానుకుని ఆత్మరక్షణకు దిగింది. వినేవాడి చెవికి తగ్గ భాషలో మాట్లాడటం మనుషులకే తెలిసిన విద్య కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన ఊళ్లలో దీన్ని చూడాలంటే నీళ్ల ట్యాంకుకో, పాత మేడ చూరుకో, మర్రికొమ్మకో వేలాడే కొండ తేనెటీగల పట్టును దూరం నుంచి గమనిస్తే చాలు. పట్టును నల్లని తెరలా వేలాది ఈగలు కప్పి ఉంటాయి. కందిరీగ ఒకటి దగ్గరకు వచ్చిందనుకోండి, ఒకచోట ఈగలు పొట్ట భాగాన్ని టక్కున పైకి లేపుతాయి. పక్కవి లేపుతాయి, వాటి పక్కవి లేపుతాయి. సెకను గడవకముందే పట్టు మీద ఒక అల ఈ చివర నుంచి ఆ చివరకు మెరుస్తూ పాకిపోతుంది. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. నేపాల్‌లో ఈ అలలను చిత్రీకరించిన గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అల బలంగా లేచిన కొద్దీ కందిరీగ దూరంగా తొలగిపోతుంది, పట్టు మీదున్న ఈగలను ఎత్తుకుపోవడం మానుకుంటుంది. జపాన్‌లోని తేనెటీగలు మరో అడుగు ముందుకేస్తాయి. గూట్లోకి చొరబడ్డ కందిరీగను వందలాది ఈగలు బంతిలా చుట్టుముట్టి, కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి. లోపల వేడి 46 డిగ్రీల సెల్సియస్ దాటాక కందిరీగ చచ్చిపోతుంది. ఈగలు ఇంకొంచెం తట్టుకోగలవు కాబట్టి బతుకుతాయి.

అరుపులో ఏముంది

కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ కోతులు చిరుతకు ఒక అరుపు, గద్దకు ఒకటి, పాముకు ఒకటి వాడతాయని టామ్ స్ట్రూసేకర్ 1967లో రాశాడు. రాబర్ట్ సైఫార్త్, డొరొథీ చెనీ, పీటర్ మార్లర్ ఆ అరుపులను రికార్డు చేసి, శత్రువెవరూ లేనప్పుడు దాచిన స్పీకర్ల నుంచి వినిపించారు. 1980లో వచ్చిన ఫలితం జంతువుల భాష గురించిన చర్చనే మార్చేసింది. చిరుత అరుపు వినగానే కోతులు చెట్టెక్కాయి. గద్ద అరుపుకు పైకి చూశాయి, పొదల్లోకి దూరాయి. పాము అరుపుకు వెనకకాళ్ల మీద నిలబడి చుట్టూ గడ్డిలోకి చూశాయి. పిల్లలు మొదట్లో పొరపడతాయి; రాలే ఆకును చూసి గద్ద అరుపు అరుస్తాయి. పెద్దవాటిని చూస్తూ, పెద్దవి స్పందించిన తీరు గమనిస్తూ క్రమంగా సరిదిద్దుకుంటాయి.

అరుపు నిర్మాణంలోనూ తర్కం ఉంది. ఆకాశంలో డేగను చూసిన చిన్న పిట్టలు సన్నగా, మెల్లగా మొదలై మెల్లగా ఆగే కీచు శబ్దం చేస్తాయి. అది ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. కొమ్మ మీద కూర్చున్న గుడ్లగూబను చూస్తే మాత్రం గరుకుగా, టకటకమని అరుస్తాయి. ఆ చోటు ఎక్కడో అందరికీ తెలియాలి, అందరూ వచ్చి శత్రువును తరమాలి. ఈ తేడాను 1950లలో మార్లరే విడమరిచాడు. అమెరికాలోని చికడీ అనే పిట్ట ఇంకా సూక్ష్మంగా చెబుతుంది. తనకు నిజంగా ప్రమాదకరమైన చిన్న, చురుకైన గుడ్లగూబను చూస్తే అరుపు చివరి ముక్కను ఎక్కువసార్లు పలుకుతుంది. పెద్దదై, తనను పట్టలేని గుడ్లగూబకు తక్కువసార్లు.

గుంపులో ముందుగా అరిచేది ఎవరన్నది వేరే ప్రశ్న. కాలిఫోర్నియా కొండల్లో బెల్డింగ్ నేల ఉడుతలను ఏళ్ల తరబడి గమనించిన పాల్ షెర్మన్ 1977లో చెప్పిందేమంటే, నేల మీది శత్రువును చూసి ఎక్కువగా అరిచేవి దగ్గర్లో కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, తల్లి ఉన్న ఆడ ఉడుతలు. పుట్టిన చోటు వదిలి వచ్చిన మగవి తక్కువగా అరిచాయి. అరిచినవాటికి ముప్పు నిజంగానే ఎక్కువ. రక్తసంబంధం కోసం ప్రాణి ముప్పును నెత్తినేసుకుంటుందన్న సిద్ధాంతానికి బలమైన ఆధారాల్లో ఇదొకటి.

నమ్మకం ఉన్నచోట దాన్ని సొమ్ము చేసుకునేవాళ్లూ ఉంటారు. మన పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చునే ఏట్రింత, పసులపోలిగాడని కూడా పిలిచే నల్లపిట్ట, కాకినీ గద్దనూ వెంటబడి తరమగలదు. దాని అండ చూసుకుని దగ్గర్లో గూడు కట్టుకునే పిట్టలూ ఉన్నాయి. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో దీని దాయాది జాతి ఒకటి ఇతర జంతువులకు నిజమైన హెచ్చరికలు చేసి నమ్మకం సంపాదిస్తుంది. మీర్కాట్ అనే ముంగిస జాతి జంతువు మంచి పురుగును తవ్వి తీయగానే ఉత్తుత్తి హెచ్చరిక అరుస్తుంది. అది పారిపోతే పురుగును తన్నుకుపోతుంది. ఒకే అబద్ధానికి మీర్కాట్లు అలవాటు పడితే వేరే జాతి గొంతును అనుకరించి అరుస్తుంది. టామ్ ఫ్లవర్ లెక్క ప్రకారం ఆ పిట్ట తిండిలో సుమారు నాలుగో వంతు ఇలా దొంగిలించిందే.

హెచ్చరికకు గొంతే ఉండాలని లేదు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో వివరించిన ప్రకారం, మినో అనే చిన్న చేప చర్మం చిట్లితే అందులోంచి వెలువడే పదార్థం నీళ్లలో వ్యాపించి మిగతా చేపలను బెదరగొడుతుంది. గాయపడిన ఒక చేపను గుంపులో వదిలినప్పుడు మిగతావి చెదిరిపోవడం ఆయన కంటపడింది. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి ఏ వర్గానికి చెందుతాయో ఆ వర్గం చేపల్లోనే ఈ లక్షణం ప్రధానంగా కనిపిస్తుంది.

రంగు చెప్పే మాట, దాని నకళ్లు

కనపడకుండా ఉండటం ఒక దారి. ఈనిన కొత్తలో జింకపిల్ల గడ్డిలో కదలకుండా పడుకోవడం, ఎండుటాకులా ముడుచుకునే సీతాకోకచిలుక, పుల్లలా నిలబడే పురుగు ఈ కోవకు చెందినవి. దీనికి పూర్తిగా ఎదురు దారి, కొట్టొచ్చినట్టు కనిపించడం. మెరిసే రంగుల గొంగళిపురుగులు ఎందుకున్నాయని చార్లెస్ డార్విన్ అడిగితే, ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1867లో జవాబు చెప్పాడు. అవి చేదు, ఆ సంగతి పక్షికి ముందే తెలియాలి, తిన్నాక తెలిస్తే ఇద్దరికీ నష్టం.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. బీడు పక్కన పెరిగే జిల్లేడు ఆకులు తిని పెరిగే సీతాకోకచిలుక నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచులు, తెల్లటి చుక్కలతో ఏ తొందరా లేకుండా ఎగురుతుంది. జిల్లేడు పాలలోని గుండెకు హాని చేసే విషాలు దాని ఒంట్లో చేరి ఉంటాయి. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ జోలికి రాదు. మరో జాతికి చెందిన ఆడ సీతాకోకచిలుక ఒకటి ఏ విషమూ లేకుండానే అచ్చం అదే వేషం వేసుకుని తిరుగుతుంది. దాని మగది మాత్రం నల్లటి రెక్కల మీద తెల్లటి మచ్చలతో వేరే జాతిలా ఉంటుంది. ఇలాంటి నకళ్లను అమెజాన్ అడవుల్లో గమనించి 1862లో వివరించింది హెన్రీ బేట్స్. ఇక పెరటి కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే కామన్ మార్మన్ సీతాకోకచిలుకది మరో తీరు. దాని ఆడవాటిలో కొన్ని మగవాటిలాగే ఉంటే, కొన్ని గాడిదగడప మొక్క తిని విషపూరితమైన రోజ్ జాతి సీతాకోకచిలుకల్లా ఎర్రమచ్చలతో ఉంటాయి. ఈ వేషాల మార్పునంతటినీ ఒకే జన్యువు నడుపుతోందని కృష్ణమేఘ్ కుంటె, మార్కస్ క్రాన్‌ఫార్స్ట్ తదితరులు 2014లో తేల్చారు.

నకళ్లు మరీ ఎక్కువైతే పక్షులు ఆ రంగును నమ్మడం మానేస్తాయి. అందుకే అసలు ఉన్నచోట, అసలు కంటే అరుదుగా ఉన్నప్పుడే నకలు బాగా చెల్లుతుంది.

పరుగు, మలుపు, దుముకు

సంకేతం పనిచేయనప్పుడు పరుగే గతి. అయినా శత్రువును చూసిన మరుక్షణం పరుగెత్తే జంతువు ఆకలితో చస్తుంది. స్విట్జర్లాండ్ జంతుశాస్త్రజ్ఞుడు హైని హెడిగర్ ప్రతి జంతువుకూ ఒక పలాయన దూరం ఉంటుందని గుర్తించాడు. అంతకన్నా దగ్గరకు వస్తేనే అది కదులుతుంది. రొనాల్డ్ ఇడెన్‌బర్గ్, లారెన్స్ డిల్ 1986లో దీన్ని లాభనష్టాల లెక్కగా మార్చారు. ఉన్నచోట మేత బాగుంటే కొంచెం ఆగుతుంది, దాక్కునే చోటు దూరమైతే ముందే కదులుతుంది. రోడ్డు పక్కన మనం వెళుతున్నా కదలని కొంగ, వలలు వేసే చోట చాలా దూరం నుంచే లేచిపోవడం ఈ లెక్క వల్లే.

వేగంలో వేటాడే జంతువుదే పైచేయి అయినప్పుడు ఎర ఎలా బతుకుతుంది? అలన్ విల్సన్ బృందం బోట్స్‌వానాలో సింహాలకు, జీబ్రాలకు, చీతాలకు, ఇంపాలా జింకలకు కొలత పట్టీలు కట్టి 2018లో ఫలితాలు ప్రకటించింది. వేటాడే జంతువుల కండరాలకు 20 శాతం ఎక్కువ శక్తి ఉంది. అవి 37 శాతం ఎక్కువగా వేగం పుంజుకోగలవు, 72 శాతం ఎక్కువగా వేగం తగ్గించుకోగలవు. అంటే నేరుగా పరుగెత్తితే ఎరకు ఆశ తక్కువ. కానీ ఎటు తిరగాలో నిర్ణయించేది ఎర. అది తన పూర్తి వేగం వాడకుండా, కొంచెం నెమ్మదిగా పరుగెత్తి, ఆఖరి క్షణంలో పక్కకు తిరిగితే వెనకొచ్చేది దాటిపోతుంది. కుందేలు వంకర పరుగులోని కిటుకు ఇదే.

చిన్న ప్రాణుల్లో నిర్ణయానికి అంత వ్యవధి కూడా ఉండదు. చేప మెదడు వెనక భాగంలో మౌత్నర్ కణాలనే పెద్ద నరకణాల జత ఉంటుంది. ఒక పక్క నీళ్లు అదిరితే ఆ పక్క కణం ఎదుటి పక్క కండరాలను బిగిస్తుంది. సెకనులో వందో వంతుకు అటూ ఇటూగా చేప విల్లులా వంగి, అదురు వచ్చిన దిక్కుకు ఎదురు దిక్కుకు దూసుకుపోతుంది. ఇంత కచ్చితమైన అలవాటు ఉన్నచోట దాన్ని తిప్పికొట్టే శత్రువు పుట్టక మానదు. ఆగ్నేయాసియా నీళ్లలో ముక్కు మీద రెండు మీసాల వంటి కొమ్ములున్న పాము ఒకటి ఉంది. అది వంపు తిరిగిన కర్రలా కదలకుండా వేలాడుతుంది. చేప ఆ వంపులోకి రాగానే, తలతో కాకుండా మెడ వెనక ఒంటి భాగాన్ని చిన్నగా కదిలిస్తుంది. చేప బెదిరి ఎదురు దిక్కుకు, అంటే పాము నోటి వైపుకే తిరుగుతుంది. పాము తల కూడా చేప ఇప్పుడున్న చోటికి కాక, అది చేరబోయే చోటికి దూకుతుంది. కెన్నెత్ కెటానియా 2009లో హైస్పీడ్ కెమెరాలతో దీన్ని బయటపెట్టాడు. జీవపరిణామం ఎంత కఠినమైన గురువో ఈ ఒక్క పాము చూపిస్తుంది.

రాత్రి ఆకాశంలో గబ్బిలాలకూ చిమ్మెటలకూ మధ్య ఇదే పోరు చెవులతో సాగుతుంది. కొన్ని చిమ్మెటల చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు రెండంటే రెండే. కెన్నెత్ రోడర్ 1950, 60లలో చూపించిన ప్రకారం గబ్బిలం దూరంగా ఉంటే చిమ్మెట దిశ మార్చుకుంటుంది. మీదికి వచ్చేసిందంటే గిరగిరా తిరుగుతూ నేల వైపు పడిపోతుంది. అరిజోనాలోని ఒక చిమ్మెట అయితే తానే టకటక చప్పుళ్లు చేసి గబ్బిలం ప్రతిధ్వని లెక్కలను చెడగొడుతుందని 2009లో ఆరన్ కార్కొరన్ బృందం నిరూపించింది.

గుంపులో చోటు

గుంపుగా ఉండటం వల్ల కళ్లు ఎక్కువ, ఒక్కొక్కరికీ పట్టుబడే అవకాశం తక్కువ. డబ్ల్యు.డి. హామిల్టన్ 1971లో ఇంకొక కోణం చూపించాడు. గుంపు సహకారంతో ఏర్పడనక్కర్లేదు. ప్రతి ప్రాణీ తనకూ శత్రువుకూ మధ్య మరొకరు ఉండేలా జరిగితే చాలు, గుంపు దానంతటదే చిక్కబడుతుంది. రాబర్ట్ కెన్వర్డ్ ఇంగ్లండులో శిక్షణ ఇచ్చిన డేగను అడవి పావురాల మీదికి వదిలి చూశాడు. ఒంటరి పావురం మీద దాడి చాలాసార్లు ఫలించింది, యాభైకి మించిన గుంపు మీద చాలా అరుదుగా. పెద్ద గుంపు డేగను దూరం నుంచే చూసి లేచిపోవడమే అందుకు కారణం.

పట్టుబడ్డాక

చివరి రక్షణలు శత్రువు నోట్లో పడ్డాక పనిచేస్తాయి. బల్లి తోక వెన్నుపూసల మధ్య కాక, వెన్నుపూస మధ్యలోనే ముందే ఏర్పడిన పగులు దగ్గర తెగుతుంది. తెగిన ముక్క గిలగిలా కొట్టుకుంటుంటే పిల్లి దాని వెంట పడుతుంది, బల్లి గోడెక్కుతుంది. తిరిగి మొలిచే తోకలో ఎముక ఉండదు, మృదులాస్థి కడ్డీ మాత్రమే. అలుగు బంతిలా చుట్టుకుంటుంది. ఏదుపంది ముందు తోక చివరి బోలు ముళ్లను గలగలలాడించి హెచ్చరిస్తుంది. వినకపోతే వెనక్కి తిరిగి శత్రువు మీదికి దూసుకొస్తుంది. కార్బెట్ చంపిన ముక్తేసర్ నరభక్షక పులికి ఏదుపందితో జరిగిన పోరులో ఒక కన్ను పోయింది, ముంగాలిలో యాభై దాకా ముళ్లు దిగాయి. బాంబార్డియర్ అనే పెంకుపురుగు పొట్టలో రెండు రసాయనాలను కలిపి, దాదాపు 100 డిగ్రీల వేడి ద్రవాన్ని గురిచూసి చిమ్ముతుంది. నేల మీద గూడు కట్టే ఉల్లంకి జాతి పిట్టల్లో కొన్ని రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచి, గుడ్ల దగ్గర నుంచి శత్రువును దూరంగా తీసుకుపోతాయి. ఇందులో మాత్రం అబద్ధమే ఆయుధం.

భయం ఖరీదు, మిగిలిపోయిన వేగం

చంపకుండానే శత్రువు నష్టం చేయగలదు. కెనడా పశ్చిమ తీర దీవుల్లో లియానా జానెట్ బృందం పిట్టల గూళ్లకు వలలు, విద్యుత్ కంచెలు కట్టి శత్రువులెవరూ చేరకుండా కాపాడింది. ఆపైన కొన్ని చోట్ల శత్రువుల అరుపులను, కొన్ని చోట్ల హానిచేయని ప్రాణుల శబ్దాలను స్పీకర్లలో వినిపించింది. శత్రువుల అరుపులు విన్న పిట్టలకు ఆ ఏడాది పెరిగిన పిల్లలు 40 శాతం తగ్గాయి. తల్లిదండ్రులు భయంతో గూడు వదిలి ఎక్కువసార్లు లేచిపోయాయి, తిండి తక్కువ తెచ్చాయి. 2011లో వెలువడిన ఈ ఫలితం తరవాత వేటాడే జంతువు ప్రభావాన్ని అది చంపిన తలల సంఖ్యతోనే లెక్కించడం సరిపోదని తేలిపోయింది.

శత్రువు పోయినా అలవాటు పోదు. ఉత్తర అమెరికాలోని ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు ఇప్పుడున్న ఏ వేటజంతువుకూ అందనంత వేగంగా పరుగెత్తుతుంది. చివరి హిమయుగం ముగిసే కాలంలో అంతరించిన అక్కడి చీతా వంటి పిల్లుల కోసం ఆ వేగం ఏర్పడిందని జాన్ బయర్స్ వాదించాడు. మన కృష్ణ జింకకూ అలాంటి చరిత్రే ఉంది. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది, బెదిరితే మంద మందంతా ఒకదాని వెంట ఒకటి గాలిలోకి లేస్తుంది. దాన్ని అలా తరిమిన చీతా భారతదేశంలో 1947లో ఆఖరిసారి వేటకు బలైంది, 1952లో అంతరించినట్టు ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి తెచ్చిన ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు గానీ, అక్కడ వాటికి ప్రధానంగా దొరికే ఎర చుక్కల దుప్పే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణ జింక రోళ్లపాడు గడ్డిమైదానంలో, హైదరాబాద్ శివార్లలోని మహావీర్ హరిణ వనస్థలిలో చీతా ఎరగకుండానే బతుకుతోంది. ఇప్పుడు దేశంలో చాలాచోట్ల కృష్ణ జింకలకు, ముఖ్యంగా గడ్డిలో దాక్కున్న పిల్లలకు, ప్రాణభయం ఊరకుక్కల గుంపుల నుంచి. ఇవి మాటువేసే జంతువులు కావు, కనపడితే వెళ్లిపోయే రకమూ కాదు, గుంపుగా తరుముతాయి. అడ్డంగా తీగ కంచె ఒకటి ఉంటే జింకకు ఆ 80 కిలోమీటర్ల వేగం అక్కరకు రాదు.